బల్లికి పెట్టే పురుగుకి ఏం పెడుతున్నాం?



పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఒకచోట చేరితే ఇదివరకు మంచు గురించో, కారు లేనిదే గుమ్మం దాటలేకపోవడం గురించో చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు మనవలు పెంచే జీవాల సంగతి కూడా వస్తోంది. కుక్క అంటే సరే, పిల్లి అంటే సరే. గాజుపెట్టెలో బల్లిని పెట్టుకుని, దానికి ముద్దుపేరొకటి పెట్టి, పుట్టినరోజు కూడా చేస్తున్నారంటే మాత్రం వినేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. మీద బల్లి పడితే పంచాంగం తీసి ఫలితం చూసుకుని, తలస్నానం చేసిన తరం మనది. అయినా బల్లి పరవాలేదు, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అంత తొందరగా అలవాటు కానిది ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన కూర్చునే చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే పొట్టులో మెల్లగా మెదులుతూ పసుపుపచ్చని పురుగులు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ డబ్బా గురించి.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మా అమ్మాయి వాళ్ళు డాలస్ దగ్గర ఉంటారు. అక్కడున్నన్నాళ్ళూ మా మనవరాలి బల్లికి మేత చూసే పని నాది. పగలంతా ఇంట్లో ఉండేది నేనే మరి. పాఠంగా పురుగుల జీవితచక్రం బోర్డు మీద గీయడం వేరు, గుడ్డు నుంచి పెంకుపురుగు దాకా చేత్తో పెంచడం వేరు. రెండోదే నాకు ఎక్కువ నచ్చింది, ఆ మాట మా విద్యార్థులు వింటే ఏమనుకుంటారో.

ముందు తినే ప్రాణి సంగతి. పిల్లలు ఎక్కువగా పెంచేది లెపర్డ్ గెకో. ఒంటి మీద చిరుతపులికి ఉన్నట్టు మచ్చలుంటాయి. దీని సొంత ఊరు అమెరికా కాదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని పొడి నేలలూ రాళ్ళగుట్టలూ. మన గోడ మీది బల్లికీ దీనికీ రెండు తేడాలు చూడగానే తెలుస్తాయి. దీనికి కనురెప్పలున్నాయి, కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. కాలివేళ్ళ కింద అతుక్కునే మెత్తలు లేవు, కాబట్టి గోడలెక్కలేదు, నేలమీదే తిరుగుతుంది. కొవ్వు తోకలో దాచుకుంటుంది. బాగా చూసుకుంటే పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు కూడా బతుకుతుంది. అంటే మూడో తరగతి పిల్ల అడిగిందని కొన్న బల్లి ఆ పిల్ల ఉద్యోగంలో చేరేదాకా ఇంట్లో ఉండొచ్చు. కొనేముందు అమ్మానాన్నలు ఆలోచించాల్సిన మొదటి విషయం ఇదే.

ఇది కీటకాలు తినే జీవి. ఆకులూ పళ్ళూ దీనికి అరగవు. శాకాహారుల ఇళ్ళలో కొందరు అడుగుతుంటారు, "దానికి కూడా ఏదైనా పిండో పప్పో అలవాటు చేయకూడదా?" అని. కూడదండీ. న్యూ కాలెడోనియా దీవుల నుంచి వచ్చిన క్రెస్టెడ్ గెకో అని ఇంకో రకం ఉంది. 1994లో మళ్ళీ కనపడేదాకా అది అంతరించిపోయిందనే అనుకున్నారు. అది పళ్ళపొడి నీళ్ళలో కలిపి పెడితే నాకుతుంది. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లయితే ఆ బల్లిని తెచ్చుకోండి, లెపర్డ్ గెకో జోలికి పోకండి.

ఇక ఆ డబ్బాలో పురుగు. మీల్‌వార్మ్ అంటారు. మాటలో వార్మ్ ఉన్నా ఇది వానపాము జాతి కాదు. టెనెబ్రియో మొలిటర్ అనే నల్లటి పెంకుపురుగుకి పిల్ల దశ ఇది. మీకు కొత్తగా అనిపిస్తుందేమో కానీ దీని చుట్టాలు మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. గోధుమపిండి డబ్బా అడుగున, పాత రవ్వలో ఎర్రగా చిన్నగా పరుగెత్తే పిండిపురుగు ఉంది చూశారూ, అదీ ఇదీ ఒకే కుటుంబం. టెనెబ్రియోనిడే. మన పిండిపురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లే, ఇది పెరిగితే రెండున్నర, మూడు సెంటీమీటర్ల పురుగవుతుంది. అదే తేడా. తిండి ఒకటే, చీకటి అంటే ఇష్టం ఒకటే, కదిలిస్తే పిండిలోకి దూరిపోవడం ఒకటే.

అందుకే తెలుగింటి ఆడవాళ్ళకి మీల్‌వార్మ్ పెంపకం ఎవరూ నేర్పక్కర్లేదని నా అభిప్రాయం. పిండి పురుగు పట్టకుండా మనం ఏమేం చేస్తామో అవన్నీ తలకిందులు చేస్తే చాలు. మనం బియ్యంలో వేపాకు వేస్తాం, ఇక్కడ వేపాకు వాసన కూడా తగలనివ్వకూడదు. పురుగు కుబుసం విడిచి పెరగడానికి కావలసిన హార్మోన్ల పనిని వేపలోని పదార్థాలు చెడగొడతాయి, మన పెద్దలు వేసింది ఊరికే కాదు. మనం పప్పులు ఎండలో పోస్తాం, ఇక్కడ చీకటి మూల చూడాలి. మనం మూత బిగిస్తాం, ఇక్కడ గాలి ఆడనివ్వాలి. ఒకటి మాత్రం రెండుచోట్లా సమానం. తేమ తగలకూడదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పెంపకం మొదలెట్టాలంటే నున్నని గోడలున్న ప్లాస్టిక్ డబ్బాలు మూడు కావాలి. సొరుగుల బల్ల లాంటిదైతే ఇంకా మంచిది. నున్నని ప్లాస్టిక్ గోడని పురుగూ ఎక్కలేదు, పెంకుపురుగూ ఎక్కలేదు. పెంకుపురుగుకి రెక్కలున్నా ఎగిరే అలవాటు దాదాపు లేదు. కాబట్టి ఇల్లంతా తిరుగుతాయన్న భయం అక్కర్లేదు. మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన గోధుమ పొట్టు పోయాలి. ఇండియన్ స్టోర్లో అది దొరక్కపోతే ఓట్స్ మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వాడొచ్చు. ఏది వాడినా రెండు మూడు రోజులు ఫ్రీజర్లో ఉంచి, తీశాక ఆరబెట్టి, అప్పుడు పోయండి. పొట్టుతోపాటు ముందే వచ్చే చిల్లర పురుగులు అక్కడే పోతాయి.

కొట్లో పురుగులు కొనేటప్పుడు ఒకటి గమనించాలి. "జెయింట్ మీల్‌వార్మ్" అని మామూలు వాటికంటే లావుగా ఉండేవి అమ్ముతారు. వాటిలో చాలావరకు హార్మోన్ ఇచ్చి పెద్దదశకి వెళ్ళకుండా ఆపినవి. మేతకి పనికొస్తాయి కానీ పెంపకానికి పనికిరావు, నెలలు ఎదురుచూసినా పెంకుపురుగులు రావు. మామూలువే తీసుకోండి. సూపర్‌వార్మ్ అని నల్లటి మొహంతో ఇంకా పొడుగ్గా ఉండేది వేరే జాతి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టారా, చచ్చిపోతుంది.

గుడ్డు కంటికి కనిపించదనే చెప్పాలి. తెల్లగా, జిగురుగా ఉండి, పైన పొట్టు అంటుకుని ఉంటుంది. ఇంటి వేడి ఇరవై ఐదు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటే వారం పదిరోజుల్లో పొదుగుతుంది. అప్పుడూ ఏమీ కనిపించదు. పొట్టు దానంతటదే కదులుతున్నట్టు ఉంటుంది, అంతే. తర్వాత రెండు మూడు నెలలు తినడం, పెరగడం, తోలు విడవడం. మన హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ళు తోలు విడిచే సమయాన్ని జ్వరం అంటారు, నాలుగు జ్వరాలతో పట్టుపురుగు పని పూర్తవుతుంది. ఈ పురుగు పది పదిహేనుసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు కూడా తోలు మారుస్తుంది. మార్చిన కాసేపు పాలలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. బల్లికి ఆ తెల్లది కనిపిస్తే పండగే. చిన్న బల్లులకీ నీరసంగా ఉన్నవాటికీ వాటిని ఏరి పెట్టడం మంచిది.

పూర్తిగా పెరిగాక ఒకరోజు పురుగు వంకర తిరిగి ప్యూపా అవుతుంది. కాళ్ళు ముడుచుకుని, ఏమీ తినకుండా, ముట్టుకుంటే పొట్టభాగం మాత్రం అటూ ఇటూ ఆడించే ప్రాణి. తప్పించుకోలేదు, ఎదిరించలేదు. ఆకలేసినా, అంతకంటే ముఖ్యంగా దాహమేసినా, డబ్బాలోని తక్కినవి దీన్నే కొరుకుతాయి. పురుగులకొకటి, పెంకుపురుగులకొకటి పోగా మూడో డబ్బా అందుకే. ప్యూపాలని ఏరి విడిగా పెట్టాలి. ఏరడానికి చిట్కా ఉంది. పొట్టు మీద తడిపి పిండిన కాగితమో, క్యారెట్ ముక్కో పెడితే కదలగలిగిన పురుగులన్నీ దాన్ని పట్టుకుంటాయి. ఎత్తేస్తే ప్యూపాలు మిగులుతాయి. వారం పదిరోజుల్లో వాటినుంచి తెల్లటి పెంకుపురుగు బయటికొస్తుంది, నాలుగు రోజుల్లో గోధుమరంగై, నల్లబడుతుంది. అది రెండు మూడు నెలలు బతికి, ఆడదైతే కొన్ని వందల గుడ్లు పెడుతుంది.

పెంకుపురుగులు తమ గుడ్లు తామే తినేస్తాయి. వినడానికి బాగాలేదు కానీ పెంపకంలో అసలు కిటుకు ఇక్కడే. రెండు వారాలకోసారి పెద్దవాటిని కొత్త పొట్టులోకి మార్చాలి. పాత పొట్టు పారేయకూడదు, అందులోనే గుడ్లున్నాయి. దానిమీద తేదీ రాసి పక్కన పెట్టండి. నలభై యాభై పెంకుపురుగులతో మొదలెడితే ఒక్క బల్లికి ధారాళంగా సరిపోతాయి. కాకపోతే మొదటి పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా కొట్లో కొనడం తప్పదు. మా మనవరాలు రోజూ డబ్బా తెరిచి "అమ్మమ్మా, ఇంకా రాలేదు" అనేది. రోజూ తెరిస్తే అవి బెదిరిపోవు కానీ మనకే విసుగొస్తుంది.

పురుగుల రెట్ట సన్నటి ఇసుకలా అడుగున చేరుతుంది. పొట్టు అంతా ఇసుకైపోయిందంటే తిండి అయిపోయిందన్నమాట. టీ వడపోసే సన్నటి జల్లెడతో జల్లిస్తే రెట్ట కిందికి, పురుగులు పైన. విడిచిన తోళ్ళు ఎగరగొట్టడానికి మన చేటకి మించిన సాధనం లేదు. సూట్‌కేసులో చేట పెట్టుకుని వెళ్ళానని నవ్విన అల్లుడుగారే తర్వాత దాన్ని గరాజ్‌లో మేకుకి తగిలించారు. ఒక్క జాగ్రత్త. చెరగడం బయటే చేయండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆ ధూళి కొందరికి పడదు. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళూ, ఇంటి దుమ్ముకి తుమ్ములొచ్చేవాళ్ళూ మరీ జాగ్రత్తగా ఉండాలి. రెట్ట మాత్రం కరివేపాకు కుండీకి మంచి ఎరువు.

నీళ్ళ సంగతికి వస్తాను అన్నాను కదా. డబ్బాలో నీళ్ళగిన్నె పెట్టకూడదు. చిన్నవి మునిగిపోతాయి, పొట్టు తడిసి బూజు పడుతుంది. క్యారెట్ ముక్క, బంగాళాదుంప ముక్క, అదే వాటికి నీళ్ళు. ఎండితే తీసేయాలి, మెత్తబడితే ఇంకా ముందే తీసేయాలి. తేమ ఎక్కువైతే పొట్టు మీద బూడిద చల్లినట్టు ఏదో పాకుతుంది. అది బూడిద కాదు, ధాన్యపు నల్లులు. వేలితో పట్టుకుంటే తెలియనంత చిన్నవి. ఆ డబ్బాని కడిగి ఆరబెట్టి, పురుగుల్ని ఏరి కొత్త పొట్టులో వేసుకోవడమే మార్గం, మందు కొట్టడానికి లేదు. బల్లి తినే పురుగు కదా. చీమల చాక్‌పీసూ, దోమల బత్తీ, కలరా ఉండలూ ఆ గదిలోకే రానీయకండి. చీమలు పడతాయనుకుంటే నెయ్యి గిన్నెకి చేసే ఏర్పాటే, డబ్బా కింద నీళ్ళ పళ్ళెం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. పురుగులు పుష్కలంగా పెంచిన ఇంట్లోనే బల్లికి దవడ మెత్తబడిపోవడం, కాళ్ళు వంకర తిరగడం చూస్తుంటాం. పొట్ట నిండా తింటోంది, తోక లావుగా ఉంది, మరి ఎముకలకి ఏమైంది? లెక్క చూద్దాం. పచ్చి మీల్‌వార్మ్‌లో సుమారు 62 శాతం నీరు, 19 శాతం మాంసకృత్తులు, 13 శాతం కొవ్వు. ఇంతవరకూ బాగానే ఉంది. కిలో పురుగుల్లో ఫాస్ఫరస్ 2,850 మిల్లీగ్రాముల దాకా ఉంటే, కాల్షియం 170 మిల్లీగ్రాములే. అంటే ఒక పాలు కాల్షియానికి పదిహేడు పాళ్ళ ఫాస్ఫరస్. బల్లికి కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు. ఫాస్ఫరస్ ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర, రెండు పాళ్ళుండాలి. ఎముకలున్న జీవుల్లో కాల్షియం ఎముకలో ఉంటుంది, పురుగుకి ఎముకే లేదు. ఎక్కడినుంచి వస్తుంది?

రక్తంలో కాల్షియం తగ్గిందంటే శరీరం ఊరుకోదు. గుండె కొట్టుకోవాలి, కండరాలు కదలాలి, వాటికి కాల్షియం లేకపోతే గడవదు. పారాథైరాయిడ్ గ్రంథి నుంచి హార్మోన్ వచ్చి ఎముకల్లో దాచుకున్నది కరిగించి రక్తంలోకి తెస్తుంది. రోజూ ఇదే జరిగితే ఎముక బోలుగా అవుతుంది. మొదట బల్లి వేట మానేస్తుంది, తర్వాత పొట్ట నేలకి ఆనించి నడుస్తుంది, వేళ్ళు వణుకుతాయి. దవడ పట్టుకుంటే రబ్బరులా వంగుతుంది. అప్పటికి చాలా ఆలస్యమైనట్టు. పశువైద్యుల దగ్గరికి వెళ్ళాల్సిందే, ఇంట్లో చేసేదేమీ లేదు.

పురుగంటే బల్లికి మనం పంపే క్యారేజీ. అందులో ఏం సర్దామన్నదే ముఖ్యం. కొట్లో కొన్న పురుగులు రోజుల తరబడి ఫ్రిజ్‌లో ఏమీ తినకుండా పడి ఉంటాయి, వాటి కడుపులో ఏమీ ఉండదు. వాటిని బయటికి తీసి, మేత పెట్టి, రెండు రోజులాగి అప్పుడు బల్లికి వేయాలి. మనవాళ్ళకి వెంటనే తట్టేది రాగిపిండీ మునగాకూ. మంచి ఆలోచనే. పొట్టులో కాస్త రాగిపిండి కలపండి, కడిగి ఆరబెట్టిన మునగాకు వేయండి, క్యారెట్ ఎలాగూ ఉంటుంది. పాలకూర మాత్రం వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. అయితే రాగులతోనే పని జరిగిపోతుందనుకోకండి. వంద గ్రాముల రాగుల్లో ఉన్నది సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం. మనుషులకి అది గొప్పే. పురుగు లోపలి లెక్క సరిచేయాలంటే మేతలో సుమారు 8 శాతం, అంటే వంద గ్రాములకి ఎనిమిది గ్రాములు కాల్షియం ఉండాలి. అటువంటి మేత తయారుగా అమ్ముతారు. దాన్ని రెండు మూడు రోజులే పెట్టాలి, ఎక్కువరోజులు అదే పెడితే పురుగులే చచ్చిపోతాయి.

ఇంకో దారి పొడి అద్దడం. ఇది ఎవరూ మానకూడనిది. కాల్షియం కార్బొనేట్ పొడి, చిన్న గిన్నె, పురుగులు వేసి ఒక్కసారి కుదపడం. ఎంత పొడి కావాలి? నేను కాగితం మీద లెక్క వేశాను. ఒక గ్రాము పురుగులకి, అంటే పదో పన్నెండో అనుకోండి, పది మిల్లీగ్రాముల పొడి ఒంటికి అంటితే కాల్షియం ఫాస్ఫరస్‌ని దాటుతుంది. చిటికెడులో కొంచెం! అంత స్వల్పం. అయితే ఈ పురుగు ఒళ్ళు నున్నగా ఉంటుంది, పొడి నిలవదు, పొట్టులో రెండుసార్లు దొర్లితే రాలిపోతుంది. కాబట్టి అద్దిన వెంటనే బల్లి ముందు పెట్టాలి. తినకుండా వదిలేసి సాయంత్రం మళ్ళీ చూస్తే అది పొడిలేని పురుగే.

కాల్షియం ఒక్కటీ చాలదు, దాన్ని పేగులోంచి లోపలికి లాగడానికి విటమిన్ డి3 ఉండాలి. ఎండ తగలని గాజుపెట్టెలో అది రావాలంటే అతినీలలోహిత కిరణాల దీపం ఉండాలి, లేదా డి3 కలిపిన పొడి వారంలో ఒకటి రెండుసార్లు వాడాలి. ఇది ఎక్కువైనా ప్రమాదమే. ఎన్నిసార్లు, ఎంత అన్నది బల్లి వయసూ పెట్టెలోని దీపాన్నీ బట్టి మారుతుంది, వైద్యుల్ని అడిగి నిర్ణయించుకోండి. ఈ పురుగుల్లో విటమిన్ ఏ కూడా తక్కువే, అందుకని అది కలిసిన పొడి అప్పుడప్పుడూ వాడతారు.

ఎన్ని పెట్టాలి? పిల్ల బల్లికి రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి. పురుగు లావు బల్లి రెండు కళ్ళ మధ్య ఎడం దాటకూడదు, పిల్లలకి సులువుగా గుర్తుండే కొలత. పెద్ద బల్లి ఒక పూటకి ఆరు నుంచి పది తింటుంది. తోక మెడకంటే లావైపోయి, చంకల్లో బుడిపెలు కనపడుతుంటే మేత తగ్గించండి. మైనపు పురుగు అని తేనెపట్టుల్ని పాడుచేసే చిమ్మట పిల్లని కూడా అమ్ముతారు, అందులో కొవ్వు 25 శాతం దాకా ఉంటుంది. అది మిఠాయి. పండగకి తప్ప పెట్టకండి. దాని రుచి మరిగితే బల్లి మీల్‌వార్మ్ వైపు తల తిప్పేస్తుంది, అక్షరాలా మొహం పక్కకి తిప్పుకుంటుంది. మీల్‌వార్మ్ కూడా ఒక్కటే ఎప్పుడూ వద్దు, మధ్యమధ్య క్రికెట్లు అనే ఇలకోళ్ళూ, దొరికితే పట్టుపురుగులూ పెడితే దానికి వేటాడినట్టూ ఉంటుంది.

వేసిన పురుగు బల్లి పొట్ట చీల్చుకుని బయటికొస్తుందని ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మకండి. బల్లి నమిలి మింగుతుంది, జీర్ణరసంలో పురుగు బతకదు. కానీ తినకుండా మిగిలిన పురుగు నిద్రపోతున్న బల్లి చర్మాన్ని కొరకొచ్చు, అది నిజం. అందుకని మిగిలినవి తీసేయాలి. అరగడం లేదు, గట్టి తోలు అడ్డం పడింది అని కొందరు పురుగుల్ని తిట్టిపోస్తారు. చాలాసార్లు తప్పు పెట్టె అడుగుది. లెపర్డ్ గెకోకి పొట్ట కింద నేల ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటేనే అరుగుతుంది. చల్లటి పెట్టెలో ఏం పెట్టినా అరగదు, ఇసుక పరిస్తే ఆ ఇసుక కూడా మింగుతుంది.

పురుగులు అయిపోయాయని పిల్లలు దొడ్లో పట్టుకొచ్చినవి వేయకుండా చూడండి. ముఖ్యంగా మిణుగురులు. డాలస్‌లో వేసవి సాయంత్రాల్లో గడ్డి మీద బోలెడు కనిపిస్తాయి, పిల్లలు సీసాలో పడతారు. అమెరికా మిణుగురుల ఒంట్లో గుండెని దెబ్బతీసే విషం ఉంది. బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లులు వాటిని తిని గంటల్లో చనిపోయిన సంగతిని 1999లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. మందు కొట్టిన పచ్చిక మీది మిడత కూడా అంతే ప్రమాదం.

పురుగుల డబ్బా గురించి ఇంకో మాట, థర్మోకోల్ పెట్టెలో మాత్రం పెంచకండి. ఈ పురుగులు థర్మోకోల్‌ని కొరికి తినేస్తాయి. ఊరికే అనడం లేదు, 2015లో చైనా, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కలిసి దాన్ని నిరూపించారు, వాటి పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ ప్లాస్టిక్‌ని విడగొట్టగలవట. ప్లాస్టిక్ చెత్తకి మందు దొరికిందని అప్పుడు లోకమంతా సంబరపడింది. మన బల్లికి మాత్రం అది మేత కాదు. ఇంకో సంగతి, ఈ పురుగుని ఎండబెట్టి మనుషులు తినడానికి ఐరోపా సమాఖ్య 2021లో అనుమతించింది. ఆ మాట విన్నాక మా అమ్మాయి ఫ్రిజ్‌లో డబ్బాని ఇంకో అర కిందికి జరిపింది.

బల్లినీ పురుగునీ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, ఇందులో మినహాయింపు లేదు. పాకే జంతువుల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉంటుంది. బల్లి గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే మరీను.

ఇది వింటున్న మన ఊళ్ళవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పక్షులకీ అరోవానా చేపలకీ ఈ పురుగుల్ని పెంచేవాళ్ళున్నారు. మన వేసవే వాటికి శత్రువు. ముప్పై ఐదు డిగ్రీలు దాటితే గుడ్లు దెబ్బతింటాయి, ఇంకా పెరిగితే పురుగులూ పోతాయి. నేలమీద చల్లటి మూల చూసి పెట్టండి. బల్లి విషయానికొస్తే, మన తూర్పు కనుమల్లోనే లెపర్డ్ గెకోకి దగ్గరి చుట్టం ఉంది. ఆంధ్ర, ఒడిశా కొండల్లో తిరిగే ఆ బల్లిని వేరే జాతిగా గుర్తించి 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. పసుపు, గోధుమ పట్టీలతో అందంగా ఉంటుంది. విషమని భయపడి కొట్టి చంపేవాళ్ళున్నారు. దానికి విషం లేదు. తిరుమల కొండల బంగారు బల్లికీ లేదు. చంపొద్దు, అలాగని అందంగా ఉందని పట్టి గాజుపెట్టెలో పెట్టనూ వద్దు, అడవిలో జీవాన్ని అడవిలోనే ఉండనివ్వాలి. ఇక్కడ విదేశీ బల్లిని కొనాలనుకునేవాళ్ళు ముందు అటవీశాఖ వాళ్ళని అడిగి తెలుసుకోండి.

చివరిగా, వేసవి సెలవులకి ఇండియా బయలుదేరే కుటుంబాలకి. బల్లిని ఒంటరిగా వదిలి రాకూడదు, తెలిసినవాళ్ళకి అప్పగించాలి. పురుగుల పని సులువు. కొన్ని నెలలకి సరిపడా పెరిగిన పురుగుల్ని పొట్టుతో సహా చిల్లుల మూత డబ్బాలో పోసి, ఫ్రిజ్‌లో ఏడు నుంచి పది డిగ్రీలుండే అరలో ఉంచితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, ప్యూపాలు కావు. వారానికోసారి బయటికి తీసి ఒకరోజు క్యారెట్ పెట్టి మళ్ళీ లోపల పెట్టమని చెప్పాలి. గుడ్లు, పెంకుపురుగులు ఉన్న డబ్బాల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, అవి బయటే, నెలకి సరిపడా పొట్టు పోసి, క్యారెట్ వేసే బాధ్యత ఒకరికి అప్పజెప్పాలి. పక్కింటివాళ్ళకి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఏ డబ్బాలోవి, ఎన్ని, ఏ రోజు, రెండు రోజుల ముందే తీసి మేత పెట్టాలని, పొడి అద్దిన వెంటనే వేయాలని. డాక్టరు నంబరు కింద పెద్దక్షరాలతో రాయండి.